ఆకలి మడులు

మా పొలంలో మట్టి పసుపు రంగులో ఉంటుంది. కొత్తవాళ్లు చూసి, ఎక్కడినుంచో తెచ్చి పోసిన మొరం అనుకుంటారు. వాన పడిందంటే అందులోంచి బూటు పాలిష్ వాసన లేస్తుంది. పటాన్‌చెరు దాటాక వరసగా కంపెనీలు వస్తాయి కదా, వాటి వెనక వాగు, వాగు ఒడ్డున మా ఎకరం. ఎగువన ఒక రంగుల కంపెనీ ఉండేది. తన నీళ్లన్నీ ఏళ్ల తరబడి వాగులోకి వదిలి, ఆ తర్వాత మూతపడింది. ఇప్పుడక్కడ గేటుకు తాళం, లోపల సర్కారు తుమ్మ. నీళ్లు వదిలినవాళ్లు ఎటు పోయారో తెలియదు. వాళ్ల నీళ్లు మాత్రం మా మట్టిలో ఉండిపోయాయి. జొన్న వేస్తే జానెడు మొలిచి ఆకు కొసన మాడేది. మూడేళ్లు విత్తనం పారబోసుకున్నాక వేయడం మానేశాను.

నా ఒక్క కొడుకు ఆ కంపెనీలోనే డ్రమ్ములు కడిగేవాడు. ఒకనాడు పొద్దుటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. నడక తూలుతోంది. మాట ముద్దగా వస్తోంది. పెదవులు అల్లనేరేడు పండ్లు తిన్నట్టు నీలంగా ఉన్నాయి. కల్లు కాంపౌండు మీదుగా వచ్చాడనుకున్నాను. కోడలు ఆటో పిలుస్తానంది.

"తాగొచ్చినోనికి ఆటో ఎందుకే? పండబెట్టు, అదే దిగుతది," అన్నాను.

ఆమె రెండుసార్లు గడప దాటబోయింది. రెండుసార్లూ రెక్క పట్టి లోపలికి లాగాను. వాడికి నిమ్మకాయ నీళ్లు తాగించాను. పొద్దు వాలేసరికి గోళ్లు కూడా నీలమయ్యాయి. అప్పుడు ఆటో పిలిచాం. సంగారెడ్డి ఆసుపత్రిలో డాక్టరు వాడి చొక్కా వాసన చూసి, ఇది కల్లు కాదు, కంపెనీ మందు చర్మంలోంచి రక్తంలోకి ఎక్కింది, మధ్యాహ్నమే తేవలసింది అన్నాడు. వాడిని మళ్లీ ఇంటికి తెచ్చినప్పుడు శవంగా బండి మీద తెచ్చాం.

ఎందుకంత ఆలస్యమైందని ఊళ్లో అడిగారు. "పక్కన పెండ్లామున్నది గదా, అది సూస్కోవద్దా," అన్నాను. ముందుగా అనుకుని అన్న మాట కాదు. నోట్లోంచి వచ్చింది, ఊరు దాన్ని పట్టుకుంది, నేను పట్టుకోనిచ్చాను. కోడలు అక్కడే గోడకానుకుని కూర్చుని ఉంది. అంతా వింది. పదకొండో రోజున ఆమె గాజులు నేనే పగలగొట్టాను. మా వాడకట్టులో చాలా ఇళ్లలో ఆ పద్ధతి మానేశారు. నేను మానలేదు. ఒక గాజు ముక్క ఆమె మణికట్టులో దిగితే, అది కూడా చూడనట్టే ఊరుకున్నాను.

ఆ తర్వాత ఇంట్లో ఇద్దరమే. పిల్లలు లేరు. బియ్యం డబ్బా తాళం నా బొడ్డునే ఉండేది. పూటకు ఇన్ని గింజలని నేనే కొలిచి ఇచ్చేదాన్ని. చాయ్‌పత్తా ఒకసారి మరిగించి ఆరబెట్టి మళ్లీ మరిగించేదాన్ని. ఆమె రెండోసారి అన్నం పెట్టుకోబోతే చేతి వైపు చూసేదాన్ని. చెయ్యి ఆగిపోయేది. తిట్టవలసిన పని కూడా ఉండేది కాదు.

అలా ఒక ఏడాది గడిచాక ఆమెతో చెప్పాను. "పొలం పండదు. పెన్షన్ల ఇద్దరం బతకలేం. నువ్వు కంపెనీల చేరు."

మూతపడ్డ దాని పక్కనే ఇంకో కంపెనీ నడుస్తోంది. ఆడవాళ్లను ప్యాకింగుకు తీసుకుంటారు. ఆ గోడ పక్కనుంచి నడిస్తే ఆ వాసనే వస్తుంది. కోడలు ఆ దారిన పోవలసి వస్తే కొంగు ముక్కుకు కట్టుకుని పోయేది. ఒకసారి సగం దారిలో కూర్చుని కక్కుకుంది.

"ఆడికి తప్ప ఏడికన్న పోత అత్తమ్మా. పొలాలల్ల కైకిలి పోత, గోడలకు నీళ్లు కొడ్త. గా గేట్ల నేను కాలువెట్ట," అంది.

"కైకిలి ఏడున్నదే? పొలాలన్ని ప్లాట్లాయె," అన్నాను. నేనన్నది నిజమే. నిజం చెబుతున్నాను కాబట్టి ఎంత గట్టిగా చెప్పినా తప్పులేదనుకున్నాను.

ఆ మిరుగు కార్తెలోనే ఒక పిల్ల వచ్చింది. సంగారెడ్డి పిల్ల. పట్నంలో పెద్ద కాలేజీలో చదువు. భుజాన సంచి, చేతిలో ప్లాస్టిక్ డబ్బాలు. మా పొలంలో కూర్చుని చెంచాతో మట్టి తీసి డబ్బాల్లో పోసుకుంటోంది.

"ఏంది బిడ్డా గది? గా మన్నుతోని కుండలు గూడ కావు," అన్నాను.

"కుండలకు కాదు అవ్వా. గీ మన్నుల జీవులున్నయి. కంటికి కనవడవు. బ్యాక్టీరియా అంటరు. కంపెనీ మందును తిని బతికేటియి గూడ ఉంటయి. వాటిని దేవులాడుతున్న."

"నా కొడుకును తిన్న మందును తినే పురుగులా?"

ఆ పిల్ల మొహం దించుకుంది. అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు. మర్నాడు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని అడిగింది. వాగు ఒడ్డున చిన్న చిన్న మడులు కట్టుకుంటానంది. కాలేజీలో పెంచిన ఆ జీవులను కొన్నిటిలో పోసి చూస్తానంది. పనిచేస్తే, కాలేజీవాళ్లే ఎకరమంతా పోయిస్తారట. రెండో ఏడు విత్తుకోవచ్చట.

కోడలు లోపల గిన్నెలు తోముతున్నదల్లా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "మల్ల పండుతదా చెల్లె?" అంది. ఏడాదిలో ఆమె తనంతట తాను వేసిన మొదటి ప్రశ్న అది.

"పండుతదనే నా పని అక్కా. సూద్దాం."

ఎట్లా తింటాయో చెప్పమన్నాను. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఊరికే తలూపితే ఆ పిల్ల నన్ను మోసం చేస్తుందేమోనని నా అనుమానం. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, కోడలి వైపు చెయ్యి చాపింది.

"అక్కా, ఒక గాజు తీసియ్యవా, చూపిస్త."

కోడలు చేతులు కొంగులోకి పెట్టుకుంది.

"దానికి గాజులెక్కడియి? నేనే పలగ్గొట్టిన," అన్నాను.

ఆ పిల్ల తన చేతి గాజు ఒకటి తీసి, గోడకున్న తడి సున్నం కొంచెం గిల్లి, గాజుకు ఒకచోట ముద్దగా అంటించింది. ఆ మందు ఇట్లా ఉంటుందట. గుండ్రటి చుట్టు ఒకటి, దానికో ముద్ద. ఆ ముద్దను నైట్రో అంటారట. చుట్టు చాలా గట్టిది, ఎండకూ వానకూ విరగదు. అందుకే ఏళ్లు గడిచినా మా మట్టిని వదలలేదు.

"మరి పురుగుకు పండ్లుంటయా?"

"పండ్లు లేవవ్వా. ఎంజైములుంటయి. పనిముట్లు అనుకో. బంగారం పనిచేసే ఔసలాయన దగ్గర ఒక్కో పనికి ఒక్కో పట్టుకారు ఉంటది గదా, అట్ల. ఒక ఎంజైము గాలిల ఉన్న ఆక్సిజన్‌ను పట్టుకొచ్చి చుట్టుకు అంటిస్తది. అప్పుడు గీ ముద్ద ఊడిపోతది." గోటితో సున్నం ముద్ద రాల్చింది. "ఇంకో ఎంజైము వచ్చి చుట్టును పలగ్గొడ్తది. చుట్టు తెగినంక అది మందు కాదు. మనం తినే అన్నం లెక్కనే, వాటికి తిండి."

గాజు మాత్రం విరగ్గొట్టలేదు. తిరిగి చేతికి తొడుక్కుంది. కోడలు ఆ గాజు వైపే చూస్తూ నిలబడింది.

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకుంటూనే కోడలికి గడువు పెట్టాను. "బతుకమ్మ పండుగ దాక సూస్త. గప్పటికి గీ పిల్ల పని అయితున్నదని తేలితే నువ్వు పొలంలనే ఉండు. తేలకపోతే కంపెనీ. మల్ల మాట్లాడేది లేదు."

"గట్లనే అత్తమ్మా," అంది.

ఆరు మడులు కట్టారు. మంచమంత ఒక్కొక్కటి, చుట్టూ ప్లాస్టిక్ పట్టా పాతి. రెంటిలో జీవులను పోసిన నీళ్లు. రెంటిలో వట్టి నీళ్లు. రెంటిని అసలు ముట్టుకోరు. పోసినవాటికి ఎర్ర గుడ్డ కట్టింది. రోజూ పొద్దున డబ్బాతో కొలిచి నీళ్లు చల్లాలి, ఖుర్పీతో పైపైన తిరగేయాలి, గాలి తగలాలట. ఆ పని కోడలికి అప్పజెప్పింది. ఇంకేమీ వేయొద్దని, ఎరువు కూడా వేయొద్దని గట్టిగా చెప్పింది. ఎందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే అని ఇప్పుడు అనుకుంటాను కానీ, చెప్పినా నేను వినేదాన్ని కాదేమో.

ప్రతి సోమవారం ఆ పిల్ల బస్సు దిగి వచ్చేది. ఒక్కో మడిలోంచి ఇంత మట్టి తీసి, సీసాలో నీళ్లతో కలిపి ఊపి, కాగితంలో వడగట్టి, ఆ నీళ్లను చిటికెన వేలంత గాజు గొట్టాల్లో పోసి, పరీక్ష మందు చుక్కలు వేసేది. ఊడిన ముద్ద నీళ్లలో ఉంటే గులాబీ రంగు వస్తుందట. మొదటి రెండు వారాలూ ఏమీ రాలేదు. మూడో సోమవారం ఎర్ర గుడ్డ మడుల నీళ్లు లేత గులాబీ అయ్యాయి. నాలుగో సోమవారం ఇంకా చిక్కబడ్డాయి. మిగతా మడుల నీళ్లు తెల్లగానే ఉన్నాయి.

కోడలు ఆ గొట్టాన్ని ఎండకెత్తి పట్టి నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఆ పిల్ల తెచ్చుకున్న డబ్బాలోంచి పంచుకుని తిన్నారు. నేను దూరంనుంచి చూశాను. రెండుసార్లు పెట్టించుకుంది. నా ఇంట్లో చెయ్యి ఆగేది, అక్కడ ఆగలేదు.

ఆ సాయంత్రం ఆమెకు అన్నం పెట్టలేదు. "కడుపు నిండుగనే ఉంది గదా," అన్నాను.

ఆమె నా కంచం కడిగి బోర్లించింది.

ఆ తర్వాత ముసురు పట్టింది. ఎడతెగని వాన. మడుల్లో నీళ్లు నిలిచాయి. ఆ సోమవారం ఆ పిల్ల చుక్కలు వేస్తే, గులాబీ ఉందా లేదా అన్నట్టు ఉంది. నీళ్లెక్కువై పలచబడింది, వాన తగ్గితే మళ్లీ వస్తుంది, పరేషాన్ కావొద్దు అని చెప్పి వెళ్లిపోయింది. కోడలు పరేషాన్ కాలేదు. నేనే అయ్యాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. నాకూ పొలం కావాలి. కోడలికోసం కాదు. జానెడు జొన్న మాడినప్పుడల్లా నా ఒళ్లు మాడింది. పెళ్లయి వచ్చినప్పటినుంచి ఆ మట్టిని నేను తిరగేశాను. ఆ జీవులేవో పని చేస్తున్నాయి, వాటికి వట్టి నీళ్లు తప్ప ఏమీ పెట్టడం లేదు. పట్నం పిల్లకు ఏం తెలుసు అనుకున్నాను. పని చేసే పశువుకు కుడితి పెట్టకపోతే కాడి ఎన్నాళ్లు మోస్తుంది? మట్టికి మనం పెట్టే తిండి నాకు తెలుసు. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి పులియబెట్టిన నీళ్లు. జీవామృతం అని ఊళ్లో మీటింగు పెట్టి చెప్పిందీ అదే, మా అత్తగారు మీటింగు లేకుండానే చేసిందీ అదే.

ఇంట్లో వానకు చెమ్మగిలి కారిపోయిన బెల్లం ముద్ద ఒకటి ఉంది. పురుగు పట్టిన శనగపిండి ఉంది. రెంటినీ ఖరాబు చేసిందని కోడలిని తిట్టాను. పారేస్తానంటే పారేయనివ్వలేదు. ఎదురింటి ఆవు దగ్గర పేడా మూత్రమూ తెచ్చి, పాత కుండలో అన్నీ కలిపి, దొడ్డి గోడ పక్కన మూత పెట్టి ఉంచాను. పులిసి నురగ వచ్చాక, కోడలు రేషను బియ్యానికి పోయిన పొద్దున మోసుకుపోయి, ఎర్ర గుడ్డ మడుల్లో పోశాను. రెంటిలోనూ సమానంగా పోశాను. ఆ ఏడాది అంతా నేను ఎవరికైనా అడగకుండా తిండి పెట్టానంటే వాటికే.

వాన తగ్గింది. సోమవారం వచ్చింది. ఆ పిల్ల మడి దగ్గరికి వంగి ఆగిపోయింది. మడి మీద ఈగలు ముసురుతున్నాయి, ఎర్రచీమల బారు పట్టాపై నుంచి దిగుతోంది. మట్టి పుల్లటి వాసన వేస్తోంది. ఆ పిల్ల మట్టి తీసింది, ఊపింది, వడగట్టింది, చుక్కలు వేసింది. గొట్టాలు తెల్లగా ఉన్నాయి. మళ్లీ వేసింది. అవీ తెల్లగానే ఉన్నాయి.

"ఏమేసిండ్రు గీండ్ల?" అంది.

కోడలు నావైపు చూసింది. దొడ్డి గోడ పక్కన ఖాళీ అయిన ఆ పాత కుండను ఆమె ముందే చూసి ఉంటుంది. నా చీర కుచ్చెళ్ల మీద నల్లటి మరక కూడా చూసే ఉంటుంది, దాన్ని ఉతికింది తనే కాబట్టి.

నేనన్నాను. "నాకేమెరుక బిడ్డా? మడుల కాడ ఉండేది అది. దాన్నడుగు."

అంతే అన్నాను. ఆ మాటకు ఎంత సేపు పట్టింది? కొడుకు పోయిన రోజున వచ్చినంత తేలికగా వచ్చింది.

కోడలు నా మొహంలోకి ఇంకా చూస్తూనే ఉంది. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి, "ఔ చెల్లె," అంది.

"ఎందుకేసినవ్ అక్కా? ఏమేసినవ్?"

"బెల్లం నీళ్లు, పేడ కలిపి. ఆకలైతున్నయేమో అని."

ఆ పిల్ల గొట్టాలు సంచిలో పడేసింది. "ఆకలైతేనే అవి పని చేస్తయి. బెల్లం కనవడితే మందును ఎవరు ముడతరు? ఇష్టమైన తిండి దొరికినంక గా చేదు తిండి తినే ఎంజైము తయారు చేసుడే బంద్ పెడ్తయి. అవసరం లేదు గదా వాటికి. పైంగ నీ పేడల ఉన్న వేరే బ్యాక్టీరియా మస్తుగ పెరిగి వీటిని నెట్టేసి ఉంటయి. ఒక్క మాట చెప్పిన నీకు, ఏమెయ్యొద్దని. ఒక్క మాట. నీకు చదువు రాకపోతే పాయె, చెప్పింది వినే తెలివన్న లేదా?"

కోడలు తల వంచుకుని వింది. ఆ పిల్ల తనతో కలిసి గట్టు మీద డబ్బా పంచుకున్న పిల్ల. నేను పక్కనే నిలబడి, తిట్లు అయ్యేదాకా ఉన్నాను. మధ్యలో ఒక మాట కలపలేదు. "చిన్న పిల్ల, తెల్వక చేసింది" అని కూడా అనలేదు. అలా అన్నా అబద్ధానికి కొంచెం మెత్తదనం వచ్చేది.

సాయంత్రానికి ఊళ్లో తెలిసిపోయింది. కిరాణం దుకాణం ముందు ఒకామె అన్నది నా చెవిన పడింది. "ముందుగాల మొగన్ని మింగింది, ఇప్పుడు మన్నును మింగింది." నేను ఉప్పు ప్యాకెట్టు తీసుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చాక కోడలు నన్ను అడుగుతుందని ఎదురుచూశాను. అడిగితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. పొయ్యి ముట్టించి, నేను కొలిచి ఇచ్చిన బియ్యం కడిగి ఎసట్లో పోసింది. ఆ మౌనం నాకు కోపం తెప్పించింది. కంచం ముందు పెట్టినప్పుడు, "బతుకమ్మ దాక అన్న గదా. ఇంక సూసేదేమున్నది? వచ్చే సోమవారం పోయి కంపెనీల పేరు రాయించుకో," అన్నాను. పండుగ ఇంకా మూడు వారాలుంది. గడువు పెట్టిందీ నేనే, కోసిందీ నేనే.

"గట్లనే," అంది.

పోయింది. మొదటి రోజు గేటు దాకా నేను వెంట వెళ్లాను, ఎక్కడ తప్పించుకు పోతుందోనని. కొంగు ముక్కుకు గట్టిగా కట్టుకుంది. గేటు దగ్గర కాపలా మనిషి, హిందీ అతను, "మూతి కట్టు తీయాలి, ముఖం కనపడాలి" అని సైగ చేశాడు. తీసింది. గేటు బయట కాలువ పక్కన కూర్చుని కక్కుకుంది. నోరు తుడుచుకుని లేచి లోపలికి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను ఇంటికి వచ్చి ఒక్కదానికే బియ్యం కొలుచుకున్నాను.

కొన్నాళ్లకు ఆమెకు వాంతులు ఆగాయి. చేతులకు ఇచ్చిన తొడుగులు ఇంటికి తెచ్చి సబ్బుతో ఉతికి ఆరేసుకునేది. ఆమెతో పనిచేసే ఆడవాళ్లు, ఒడిశా వాళ్లు, పక్క ఊళ్లో, చిట్కుల్‌లో గది తీసుకుని ఉంటారట. వాళ్ల మాటలు కొన్ని నేర్చుకుంది. మొదటి జీతంతో తన బియ్యం తాను వేరే సంచిలో తెచ్చుకుంది. నా డబ్బా పక్కన పెట్టింది. తాళం వేయలేదు. ఆ సంచిలోంచి నాకు కూడా వండి పెట్టేది. ఎంత కావాలో అడిగేది కాదు, నిండా పెట్టేది. నేను తినలేకపోతే ఊరుకునేది.

చలికాలం మొదట్లో ఆ పిల్ల మళ్లీ వచ్చింది. సామాను తీసుకుపోదామని వచ్చిందట. ఎందుకైనా మంచిదని ఆఖరుసారి మట్టి తీసి చుక్కలు వేసింది. ఆ ఆదివారం కోడలు ఇంట్లోనే ఉంది. ఆ పిల్ల గొట్టాలు చేతిలో పట్టుకుని పరుగున మా ఇంటికి వచ్చింది. అన్నిటికంటే చిక్కటి గులాబీ.

"సావలేదక్కా అవి. బెల్లం అయిపోయింది. ఆకలైంది. మల్ల మందు తింటున్నయి. మడుల గరిక గూడ మొలిచింది, సూసిండ్రా?" ఆ తర్వాత గొంతు తగ్గించి అంది. "ఆ దినం నిన్ను మస్తు మాటలన్న అక్కా. మనసుల పెట్టుకోకు. వచ్చే మిరుగుకు ఎకరమంత పోద్దాం. నువ్వు ఉంటవు గదా?"

కోడలు గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. ఎండకు పట్టలేదు. ఊరికే చూసి తిరిగి ఇచ్చింది.

"నేను ఉండ చెల్లె. పొలం అత్తమ్మది. ఆమెనడుగు. నేను వచ్చే నెల చిట్కుల్ల గది తీసుకుంటున్న."

నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"గదేందే? ఎవలనడిగి తీసుకుంటున్నవ్?" అన్నాను. "పొలం మంచిగైతున్నదని పిల్ల చెప్తుంటే ఇనవడ్తలేదా? గా వాసనల సచ్చేదాక ఉంటవా?"

ఆమె నావైపు తిరిగింది. కోపం లేదు. గిన్నెలు ఎక్కడున్నాయో చెబుతున్నట్టు చెప్పింది.

"ఆకలున్నన్ని దినాలు నీ మాటలు తిన్న అత్తమ్మా. ఇప్పుడు నా బువ్వ నాకున్నది."

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. మా ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత, పొలంలో రోజూ మనిషి లేకపోతే తన పని సాగదని, ఆ మడుల మట్టి సీసాల్లో నింపుకుపోతానని చెప్పింది. కాలేజీలో గాజు పాత్రల్లో ఆ మందే చుక్క చుక్క పోసి వాటిని బతికిస్తారట. నేను ఉంటాను, నేను నీళ్లు పోస్తాను అని నా నోటి దాకా వచ్చింది. డబ్బా మోసుకుని వాగు దాకా రోజూ పోవడానికి మోకాళ్లు ఒప్పవు. అదీ కాక, ఇంకో సంగతి ఒప్పుకోకుండా ఆ మడుల దగ్గర నిలబడలేను. ఊరుకున్నాను. ఆ పిల్ల పట్టా పెరికి, చుట్టి, తీసుకుపోయింది. మడులున్న చోట గరిక కొంచెం ఉంది. మిగతా ఎకరం ఎప్పటిలాగే పసుపు రంగులో ఉంది.

కోడలు చెప్పినట్టే మరుసటి నెల పోయింది. ఆటోలో ఒక ట్రంకు పెట్టె, బియ్యం సంచి.

రెండు నెలలు ఆగి నేను చిట్కుల్ పోయాను. వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ పోతే గది దొరికింది. వరసగా పది గదులు, రేకుల కప్పు, ముందు ఒకటే నల్లా. ఆమె అప్పుడే స్నానం చేసి జుట్టు ముడేసుకుంటోంది. చేతికి రెండు ప్లాస్టిక్ గాజులున్నాయి. నేను చూడడం చూసింది. దాచుకోలేదు.

"కూసో అత్తమ్మా," అని చాయ్ పెట్టింది. కొత్త పత్తా, చేతికి వచ్చినంత చక్కెర. గ్లాసు నిండా పోసింది. నాకు తాగాలనిపించలేదు, కానీ తాగాను. పారబోయడం నాకు చేతకాదు.

"గా బెల్లం నీళ్లు నేనే పోసిన," అన్నాను.

"ఎరుకే."

"ఎప్పటి సంది?"

"ఆ దినం నుంచే. చీర నేనే పిండిన గదా."

"మరి ఔ అని ఎందుకన్నవే?"

ఆమె బొట్టు బిళ్ల అద్దం మీదనుంచి తీసి పెట్టుకుంది. "కాదంటె నువ్వు ఇంటికాడ ఊకుందువా? గా పిల్ల వారంల ఒక్కపాలె వచ్చి పోతది. నేను నీతోని ఉండాలె గదా."

నేను ఇంకోటి కూడా చెప్పాలని వచ్చాను. ఆటో సంగతి. రెక్క పట్టుకుని లాగిన సంగతి. అది చెప్పడానికి నోరు తెరిచేలోపల ఆమే అంది.

"నాకు చెప్తె ఏమొస్తది అత్తమ్మా? రెండు నాకెరుకే. చెప్తె ఊళ్లె చెప్పు." ఆ తర్వాత గోడ గడియారం చూసింది. "షిఫ్టు బండి వస్తది. గ్లాసు ఆడనే పెట్టు, నేను కడుక్కుంట."

నాకంటే ముందు తనే బయటికి వచ్చి, నేను వచ్చేదాకా తలుపు పట్టుకుని నిలబడి, తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుంది. కంపెనీ బండి వచ్చింది. లోపలి ఆడవాళ్లెవరో ఆమెను వాళ్ల భాషలో పిలిచారు. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. దానితో పాటే ఆ వాసన కూడా కొంచెం వచ్చింది.

నేను షేర్ ఆటో ఎక్కి మా స్టేజీ దగ్గర దిగాను. కిరాణం దుకాణం ముందు ఆడవాళ్లు నలుగురు కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. మన్నును మింగిందని అన్నామె కూడా ఉంది.

"ఏడికి పోయొస్తున్నవ్ పెద్దమ్మా గింత ఎండల?" అంది.

చిట్కుల్ అన్నాను. వాళ్ల చేతులు ఆగాయి. నలుగురూ నావైపు చూశారు. అంతకంటే మంచి అదను నాకు దొరకదు. నిలబడి ఊపిరి తీసుకున్నాను.

"కోడలెట్లున్నదే? మంచిగున్నదా?"

"పొలం ఖరాబు జేసి పోయింది గదా," అన్నాను. "దానికేం, మంచిగనే ఉన్నది."

ఆమె తలూపింది. మిగతావాళ్లు మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టారు.